గజం మోగిన చప్పుడు

మా ఊరి ఇంట్లో నడవ దూలానికి రెండు కొయ్య మేకులు ఉన్నాయి. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య మూడు మూరల ఎడం. ఇప్పుడు వాటి మీద ఏమీ లేదు. మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు మా అమ్మాయి కూతురు తలెత్తి చూసి, "ఇవెందుకు తాతా? బట్టలారేసుకోడానికా?" అని అడిగింది. "తుపాకి పెట్టేవాళ్లం" అన్నాను. నమ్మలేదు. నవ్వుకుంటూ బయటికి పరుగెత్తింది. నేను మాత్రం ఆ మేకుల కింద చాలాసేపు నిలబడిపోయాను. మేకుల పైభాగం ఇప్పటికీ నున్నగా మెరుస్తోంది. దించడం, పెట్టడం, దించడం, పెట్టడం. నలభై ఏళ్ల ఆ రాపిడి కొయ్యలో అట్లాగే మిగిలిపోయింది.

మాది నల్లమల అడవి అంచున ఉన్న ఊరు. చేలు అయిపోయిన చోట అడవి మొదలవుతుంది. చెనిక్కాయ చేను ఊడలు దిగి కాయ పట్టే రోజుల్లో అడవిపందులు మందలుగా దిగేవి. ఒక్క రాత్రిలో అరెకరం చేను దున్నేసినట్టు తవ్విపోసేవి. అందుకని మా జేజినాయనకు తుపాకి లైసెన్సు ఉండేది. 1959 నాటి ఆయుధాల చట్టంలో దీనికంటూ ఒక మాట రాసి ఉంది. నిజంగా పంట కాపుదలకే అయితే, మూతి నుంచి మందు కూరే తుపాకికి లైసెన్సు ఇవ్వాలని. ఆ చిన్న పుస్తకం ఇనప్పెట్టెలో పొలం కాగితాలతో కలిసి ఉండేది.

తెలంగాణలో దాన్ని భర్మారు అంటారు. పేపర్ల వాళ్లు నాటు తుపాకి అని రాస్తారు. మా ఇంట్లో దానికి ఏ పేరూ లేదు, తుపాకి అంతే. ఒంటి గొట్టం. చెక్క నల్లబడి, చెయ్యి ఆనే చోట్ల ఇత్తడిలా మెరుస్తుండేది. గొట్టం మీద సగం అరిగిపోయిన అక్షరాలు. అది ముంగేరు సరుకని మా ఊళ్లో టపాకాయలు చేసే సాయిబు తాత అనేవాడు. బీహారులోని ఆ ఊరికి 1762లో మీర్ ఖాసిం రాజధానిని మార్చి ఆయుధాల కార్ఖానా పెట్టించాడనీ, అప్పటి నుంచి అక్కడి కమ్మరులు తుపాకుల పని మానలేదనీ పెద్దయ్యాక చదువుకున్నాను. అప్పట్లో మాత్రం ముంగేరంటే నాకు కర్నూలు కన్నా ఇంకొంచెం దూరముండే ఊరు.

జేజినాయన దాంతో పందిని కొట్టగా నేను చూడలేదు. రాత్రి మంచె మీద కూర్చుని, మంద దిగిన సడి వినిపిస్తే గుండు లేకుండా ఉత్త మందే కూరి ఆకాశంలోకి పేల్చేవాడు. అడవి ఆ మోత విని మళ్లీ మనకు తిప్పి పంపేది. పందులు పరుగో పరుగు. నిజంగా గుండు వేసి కాల్చేది ఏడాదికి ఒకే ఒక్క రోజు. దసరా మర్నాడు.

దసరా నాడు తుపాకికి పూజ. నాగలి, కొడవళ్లు, జేజినాయన కొలబద్ద, నా లెక్కల పుస్తకం, అన్నిటి పక్కనా తుపాకి. పసుపు, కుంకుమ, ఒక బంతిపువ్వు. సాయంత్రం జమ్మి చెట్టు దగ్గరికి పోయి వచ్చాక జేజినాయన దాన్ని మళ్లీ మేకుల మీద పెట్టేవాడు కాదు, గోడకు ఆనించేవాడు. అట్లా ఆనించి ఉందంటే రేపు వాగుకు పోతున్నామని అర్థం. వానలు వెనకబడ్డాయి, గొట్టంలో తుప్పు పట్టిందో లేదో, పాత మందు చెమ్మగిల్లిందో లేదో, గురి ఎటు లాగుతుందో, చేను కాపుకు ముందే చూసుకోవాలి. పని పేరుతోనే పోయేవాళ్లం. కానీ ఆ రోజు కోసం నలుగురు పెద్దవాళ్లు ఏడాదంతా ఎదురు చూసేవాళ్లని నాకు తర్వాత తెలిసింది.

1978లో మొదటిసారి నన్నూ తీసుకుపోయినారు. నాకు పదకొండేళ్లు.

జేజినాయన, సాయిబు తాత, కమ్మరి మామ, పక్క చేను పెదనాయన. వెనక నేను, నా నెత్తి మీద రొట్టెల గంప. మంచు ఇంకా గడ్డి మీద ఉంది. తుపాకి జేజినాయన భుజం మీద మూతి ఆకాశానికి పెట్టి పడుకుంది. దారిలో ఎవరెదురైనా ఆయన ఆగి, తుపాకిని నిలువుగా దించి, మాట్లాడి, మళ్లీ ఎత్తుకునేవాడు. ఖాళీ తుపాకే. అయినా దాని మూతి మనిషి వైపు తిరగకూడదు. ఆ పద్ధతి నాకు ఎవరూ చెప్పలేదు, చూస్తూ నడిచాను గనుక తెలిసింది.

వాగు ఒడ్డున ఒక చోట గట్టు రెండు నిలువుల ఎత్తున గోడలా కోసుకుపోయి ఉంటుంది. గట్టు వెనక ఏముందో జేజినాయన పోయి చూసి వచ్చాడు. గొడ్లు కాసే పిల్లలుంటే పంపించేసి వచ్చాడు. అప్పుడు గట్టు నుంచి వెనక్కి అంగలు లెక్కపెట్టాడు. అరవై. అక్కడ మడమతో గీత గీసి, "ఈ గీత ముందుకు ఎవరూ పోగూడదు, నేను చెప్పిందాక" అన్నాడు. గట్టుకు ఒక పెద్ద పిడక ఆనించి, దాని నడుమ సున్నంతో రూపాయి బిళ్లంత బొట్టు పెట్టాడు. అదే గురి.

సాయిబు తాత తన సంచి లోంచి అమృతాంజనం డబ్బా తీశాడు. అందులో రాగి టోపీలు. ఒక్కోటి కందిగింజ కన్నా కొంచెం పెద్దది, చిన్న గిన్నె బోర్లించినట్టుంటుంది. లెక్కపెట్టి పదకొండు తీసి తువ్వాలు మీద వరసగా పెట్టి, డబ్బా మూసేశాడు. మిగతావి పంటకు. ఆ రోజుకు పదకొండే.

జేజినాయన మందు కూరడం ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. ముందు గజం దూశాడు. గజమంటే గొట్టం కింద గాడిలో ఇమిడి ఉండే కడ్డీ. దాన్ని మూతిలోంచి లోపలికి వదిలాడు. గజం జారి అడుగున తగిలి, గుడి గంటను వేలి గోటితో మీటినట్టు ఒక్కసారి "టంగ్" మని మోగింది. "ఇన్నావా? ఖాళీగా ఉంటే ఇట్లా మోగుతాది. లోపల ఏమన్నా ఉంటే మోగదు, దబ్బుమంటాది" అన్నాడు. నా వేలు పట్టుకుని మూతి దగ్గర పక్కనుంచి తడిమించాడు. గజం తల, గొట్టం మూతి సరిసమానం. "ఇది గుర్తు పెట్టుకో."

తుపాకిని మడమ మీద నిలబెట్టాడు. దున్నపోతు కొమ్ములో ఉన్న మందును వెదురుబొంగు కొలతలో పోసి, ఆ కొలతను గొట్టంలో ఒంపాడు. కొమ్ము మూత బిగించి దూరంగా పెట్టాకే తరవాతి పని. కొంచెం కొబ్బరి పీచు ఉండ చేసి గజంతో దిగ్గొట్టాడు. ఆముదంలో తడిపిన పాత పంచె ముక్క మూతి మీద పరిచి, దాని మీద సీసం గుండు పెట్టి, బొటనవేలితో నొక్కి, మళ్లీ గజంతో మెల్లగా అడుగుదాకా తోశాడు. గజం ఇప్పుడు మూతికి నాలుగు వేళ్లు పైకి నిలిచింది. "నాలుగు వేళ్లు" అన్నాడు నాకు చూపించి. "ఉందో లేదో కంటికి కనబడదు. ఏళ్లతోనే సూసుకోవాల." గజం తిరిగి గాడిలోకి పోయింది. గుర్రాన్ని, అంటే టోపీ మీద పడి కొట్టే సుత్తిని, సగం వెనక్కి లాగి, కింద ముక్కు మీద రాగి టోపీ తొడిగాడు.

ఆ టోపీ వెనక ఒక కథ ఉంది. దానికన్నా ముందు చెకుముకి తుపాకులుండేవి. మీట నొక్కాక రాయి నిప్పు రాల్చాలి, ఆ నిప్పు బయట పళ్లెంలో మందును అంటుకోవాలి, అది లోపలికి పాకాలి. ఆ మెరుపు చూసి పక్షులు ఎగిరిపోతున్నాయని స్కాట్లండులో ఫోర్సైత్ అనే చర్చి పాదిరీ విసుగెత్తి, దెబ్బ తగిలితే చాలు నిప్పు పుట్టే మందును వాడే పద్ధతి కనిపెట్టి 1807లో పేటెంటు తీసుకున్నాడు. రాగి టోపీలు దాని తర్వాత వచ్చినవే. ఎక్కడి పక్షులు, ఎక్కడి మా వాగు!

మొదటి దెబ్బ జేజినాయనదే. ఊపిరి సగం వదిలి ఆపాడు. గుర్రం పడింది. మోత కన్నా ముందు నాకు పొగ గుర్తుంది. తెల్లటి పొగ, దూదిమూట విప్పినట్టు, మా ముందు నిలబడిపోయింది. పిడక కనబడదు, గట్టు కనబడదు. ఎవరూ కదలరు. గాలి వచ్చి ఆ తెర పక్కకు తీసేదాకా తగిలిందో లేదో తెలియదు. ఆ నాలుగు క్షణాలూ నలుగురు పెద్దమనుషులు పిల్లల్లా మెడలు చాచి చూస్తుండేవాళ్లు. ఆనక కుళ్లిన గుడ్డు వాసన, గంధకానిది. ఆ వాసన ఇప్పటికీ దీపావళి నాడు ఎక్కడైనా తగిలితే నాకు ముందు దసరా గుర్తొస్తుంది.

పిడక అంచు చిట్లింది. బొట్టుకు జానెడు ఎడమ. "ఎడమకు లాగుతాంది" అన్నాడు కమ్మరి మామ. "లాగేది తుపాకి గాదు, అన్న భుజం" అన్నాడు సాయిబు తాత. ఇక మొదలయ్యాయి మాటలు. పోయినేడు ఎటు లాగింది, అంతకు ముందేడు ఎవరు బొట్టు కొట్టారు, ఆ ఏడు వానలెట్లా పడ్డాయి, ఎవరింట్లో ఎవరి పెళ్లయింది. ఈలోగా జేజినాయన గజానికి తడిగుడ్డ చుట్టి గొట్టం తుడిచాడు. ఈ నల్లమందు కాలితే సగానికి పైగా గట్టి పదార్థంగానే మిగిలిపోతుంది. కొంత పొగై పోతుంది, కొంత మసై గొట్టానికి పట్టుకుంటుంది. తుడవకపోతే మూడో నాలుగో దెబ్బకే గుండు దిగదు. తుడవాలి, ఆరనివ్వాలి, మళ్లీ పోయాలి, దంచాలి. తర్ఫీదైన సిపాయిలు నిమిషానికి రెండు మూడు సార్లు పేల్చేవాళ్లట. మాకు ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య ఒక సంసారం కథ మొత్తం అయిపోయేది.

సాయిబు తాత తన వంతు వచ్చేదాకా బొగ్గు గురించి చెప్పాడు. మందులో ముప్పాతిక భాగం సూరేకారమే. ఒకప్పుడు పాట్నా వైపు నుంచి ఓడలకెక్కి యూరపు యుద్ధాలకు పోయిన సరుకది. కానీ మందుకు పౌరుషం బొగ్గుతో వస్తుందని ఆయన పట్టు. "మతాబుకు జిల్లేడు బొగ్గు. తుపాకికి కంది కట్టె బొగ్గు. తుమ్మ బొగ్గు రొట్టె కాల్చుకోడానికే" అని నా వైపు తిరిగి వేలెత్తి చూపించాడు, నేనేదో తుమ్మ బొగ్గు తెచ్చినట్టు.

ఆ ఏడు మా క్లాసులో 1857 తిరుగుబాటు పాఠం అయింది. తూటాలకు ఆవు కొవ్వు, పంది కొవ్వు పూశారన్న మాట, వాటిని పళ్లతో కొరకాల్సి వచ్చిందన్న మాట పరీక్షకు బట్టీ పట్టాను. కానీ తూటాను ఎందుకు కొరకాలో నాకు అర్థం కాలేదు. అదే అడిగాను. కమ్మరి మామ లేచి, తుపాకిని నా ఎడమ చేతికి ఆనించి నిలబెట్టించాడు. కాగితంలో చారెడు ఇసుక పోసి, మడిచి, పొట్లం కట్టి కుడిచేతికిచ్చాడు. "లోపలుండేది మందనుకో. తుపాకిని వదలకుండా పొట్లం ఇప్పు సూద్దాం."

ఒక చేతిలో తుపాకి, ఒక చేతిలో పొట్లం. ఇక మిగిలింది పళ్లే. కాగితం చివర కొరికాను. నోట్లో ఇసుక పడింది. నలుగురూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. పరీక్షలో రెండు మార్కుల జవాబుగా ఉన్నది అప్పుడు నా నోట్లోకి వచ్చింది. ఆ కాగితానికి మనిషి తినకూడని కొవ్వు పూసి ఉంటే ఎట్లా ఉంటుందో నాలుకకు తెలిసింది. ఆ సిపాయిలకు ఇచ్చిన 1853 నమూనా ఎన్‌ఫీల్డు కూడా మూతి నుంచి కూరేదే. దాని గొట్టం లోపల మెలిక తిరిగిన గాళ్లు ఉండేవి. వాటి వల్ల గుండు బొంగరంలా తిరుగుతూ పోయి వందల గజాల దూరం గురి తప్పదు. అదే రైఫిలు. మా తుపాకి గొట్టం లోపల నున్నన. "అరవై అంగల దాకా మన మాట ఇంటాది. ఆపైన గుండు దాని ఇష్టం దానిది" అనేవాడు జేజినాయన. అందుకే అరవై దగ్గర గీత.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి నాలుగు టోపీలు అయిపోయాయి. మనిషికొకటి. తుపాకిని ఖాళీగా, గుర్రం దించి, కానుగ చెట్టుకు ఆనించి, కొమ్మును ఇంకో చెట్టు కింద నీడలో పెట్టి, రొట్టెల గంప దించారు. ముందు వాగులో ఇసుకతో చేతులు తోముకోవాలి. అది అవ్వ మాట. సీసం ముట్టిన చేత్తో కడి నోట్లో పెడితే ఒప్పుకునేది కాదు. ఇంట్లో అయితే బూడిద ఇచ్చేది. జొన్నరొట్టెలు, ఊరిబిండి, పెద్ద ఎర్రగడ్డలు, ముంతలో మజ్జిగ. నిన్నటి బక్షాలు ఆకులో చుట్టి నాలుగు. పెదనాయన తన చేలోవి ఉడకబెట్టిన చెనిక్కాయలు తువ్వాల్లో మూటకట్టి తెచ్చాడు. తిన్నాక సాయిబు తాత తువ్వాలు పరుచుకుని నమాజు చేసుకున్నాడు. మిగతావాళ్లు గొంతులు తగ్గించి మాట్లాడుకున్నారు. వాగులో నీళ్ల చప్పుడు అప్పటిదాకా ఉందని కూడా నేను గమనించలేదు.

మధ్యాహ్నం రెండో వరస. పెదనాయన మందు పోశాడు, పీచు దంచాడు, గుండు దించాడు. అప్పుడే ఆయన కూతురి సంబంధం మాట వచ్చింది. పెళ్లికొడుకు వాళ్లు ఎక్కువ అడుగుతున్నారట. ఆ మాటలో పడి ఆయన మళ్లీ కొమ్ము అందుకున్నాడు. మళ్లీ కొలత పోశాడు. పీచు, గుడ్డ, గుండు. ఎవరూ చూడలేదు. వాళ్లందరూ ఆయన మాట వింటున్నారు. టోపీ కోసం చెయ్యి చాచాడు.

"ఆగు" అన్నాడు జేజినాయన. ఆయనకు అనుమానమో, అలవాటో. గజం తీసి గొట్టంలో దించాడు. దబ్బుమంది. ఎనిమిది వేళ్లు పైకి ఉంది.

ఎవరూ మాట్లాడలేదు. పెదనాయన ముఖం పాలిపోయింది. రెండింతల మందు మీద రెండు గుండ్లు. ఆ పాత గొట్టం తట్టుకునేదో, ఆయన చెంప పక్కన చీలిపోయేదో. జేజినాయన తిట్టలేదు. టోపీలు దూరంగా జరిపించి, గజం చివర మర ఉన్న కొక్కెం బిగించి, ఒక్కొక్కటే గుచ్చి బయటికి లాగాడు. గుడ్డ, గుండు, పీచు, మందు. మళ్లీ గుండు, పీచు, మందు. ముప్పావు గంట పట్టింది. చివరికి గజం వదిలితే "టంగ్" మంది. అప్పుడు ఊపిరి పీల్చుకున్నాం. "మాట్లాడాలంటే తుపాకి కింద పెట్టి మాట్లాడు. కాల్చాలంటే మాట పక్కన పెట్టి కాల్చు. రెండూ ఒక చేతిలో పట్టవు" అన్నాడు. తర్వాత తుపాకిని తానే పట్టుకుని, "ఇప్పుడు చెప్పు, ఎంత అడుగుతాండారు వాళ్లు?" అని పెదనాయనను కూర్చోబెట్టాడు. ఆ సంబంధం సంగతి తేలేదాకా ఇంకో దెబ్బ పేలలేదు.

ఒక టోపీ చీదేసింది కూడా. గుర్రం పడింది, చిన్న చిటుకు, అంతే. సాయిబు తాత తుపాకిని భుజం మీంచి దించలేదు. గట్టు వైపే పట్టుకుని నోట్లో నోట్లోనే అరవై దాకా లెక్కపెట్టాడు. లోపల నిప్పు రగులుతూ ఉండి ఆలస్యంగా పేలొచ్చు. అరవై అయ్యాక ఇంకో టోపీ తొడిగితే పేలింది. సున్నపు బొట్టు నడిమికి విరిగింది. ఆ రోజుకు అదే మేలు దెబ్బ. గాలి పొగను తీయగానే ఆయన చేసిన మొదటి పని జేజినాయన భుజం తట్టడం. "నీ తుపాకి ఎడమకు లాగదన్నా" అన్నాడు.

పదో టోపీ జేజినాయన పేల్చాడు. పదకొండోది మిగిలింది. ఆయన నా వైపు చూశాడు.

గొట్టం బరువుకు నా చేతులు వణుకుతుంటే ఆయన నా వెనక మోకాళ్ల మీద కూర్చుని, తన ఎడమ చేతిని కింద ఆనించాడు. ఆయన గడ్డం నా చెవికి గుచ్చుకుంది. ఆముదం, చుట్ట, మందు కలిసిన వాసన. "పిడకను సూడొద్దు. బొట్టును సూడు. బొట్టును గూడా గాదు, బొట్టులో ఆ చిన్న పెచ్చు సూడు. తొందర లేదు. సాయంత్రం దాకా టైముంది." మీట నొక్కాను. భుజం మీద ఎవరో తోసినట్టయింది. పొగ. పొగ పోయాక చూస్తే పిడక ఉన్నది ఉన్నట్టే ఉంది. గట్టులో, పిడకకు బారెడు పైన, కొత్త గుంత. నాకు ఏడుపొచ్చింది. జేజినాయన నన్ను వదలకుండానే అన్నాడు: "గట్టు దాటలేదు గదా. సాలు."

అప్పుడు గీత దాటనిచ్చారు. నాకు ఆ రోజంతటిలో అన్నిటికన్నా ఇష్టమైన పని అది. గొడ్డలి మొనతో గట్టు తవ్వి సీసం ఏరడం. గుండ్లు గుండ్రంగా ఉండవు. మన్నులో దూరి అణిగి, కొన్ని అప్పచ్చుల్లా, కొన్ని పుట్టగొడుగుల్లా ఉంటాయి. వాటికి పంచెగుడ్డ నేత అచ్చు పడి ఉంటుంది, బొటనవేలి ముద్ర లాగా. పదింటిలో ఎనిమిది దొరికాయి. కమ్మరి మామ వాటిని కొలిమిలో కరిగించి అచ్చులో పోస్తే మళ్లీ గుండ్లే, మళ్లీ దసరాకు. ఒకే సీసం ఎన్నేళ్లు అట్లా గట్టులోకి పోయి కొలిమికి వచ్చిందో!

ఇంటికొచ్చాక అవ్వ వేడినీళ్లు పెట్టింది. మసి నూనెకు కరగదు, నీళ్లకు కరుగుతుంది. గొట్టంలో మరిగే నీళ్లు పోస్తే నల్లగా, పోను పోను బూడిద రంగుగా, చివరికి తేటగా బయటికి వచ్చేవి. వేడికి గొట్టం తనంతట తానే ఆరేది. కొబ్బరినూనె గుడ్డ ఒకటి దూర్చి తీసి, దూలం మీది మేకుల మీదికి ఎత్తేవాడు. పొద్దుగుంకేది. పది దెబ్బలు, ఒక పొద్దు.

ఆ తర్వాత చదువు, ఉద్యోగం. హైదరాబాదులో ఎన్నేళ్లు అబిడ్స్ వైపు బస్సెక్కి "గన్‌ఫౌండ్రీ" అని కండక్టరు అరిస్తే దిగానో. ఆ పేరు ఎక్కడిదో ఆలోచించలేదు. ఒకసారి తీరిగ్గా ఉన్నప్పుడు వెళ్లి చూశాను. తోప్ కా సాంచా. నిజాం అలీఖాన్ కొలువులో ఉన్న ఫ్రెంచి సేనాని రేమండ్ 1795లో ఫిరంగులు, తుపాకులు పోయించిన కొలిమి శిథిలం అది. మూడేళ్లకే, 1798లో ఆయన పోయాడు. జనం ఆయన్ను మూసా రామ్ అని పిలుచుకున్నారు, మూసారాంబాగ్ పేరు అట్లా నిలిచింది. పాత ఇటుకల మీద చెయ్యి పెట్టాను. నాకు గుర్తొచ్చింది రేమండ్ కాదు, అచ్చులో సీసం పోస్తూ కమ్మరి మామ బిగబట్టిన ఊపిరి.

ఒక సెప్టెంబరు మొదట్లో కొడగుకు వెళ్లాను. అక్కడ కైల్‌పోళ్ద్ పండుగ. నాట్లు అయిపోయాక ఇళ్లల్లో తుపాకులు తీసి, అడవినాభి పువ్వు పెట్టి పూజ చేస్తారు. తుపాకి మూతిలో నిలబెట్టిన ఆ ఎర్రటి పువ్వు మంటలా ఉంది. అక్కడి కొడవ జనానికి బ్రిటిషు కాలం నుంచీ లైసెన్సు మినహాయింపు ఉంది. మగపిల్లాడు పుడితే ఒక దెబ్బ, ఇంట్లో మనిషి పోతే రెండు దెబ్బలు. పండుగ పూట ఎత్తైన చెట్టుకు కొబ్బరికాయ కట్టి కొడతారు. నేను ఒక మూల అరుగు మీద కూర్చుని సాయంత్రం దాకా చూశాను. కాయ పగిలినప్పుడు అందరూ అరిచారు. నాకు మాత్రం దెబ్బకూ దెబ్బకూ మధ్య వాళ్లు చెప్పుకుంటున్న మాటలు, ఆ భాష తెలియకపోయినా, తెలిసినట్టే అనిపించాయి.

సిన్సినాటీలో ఉండే మా మేనల్లుడికి ఈ సంగతులన్నీ చెబుతుంటాను. వాడుండే చోటికి దగ్గర్లోనే, ఇండియానా రాష్ట్రంలో ఫ్రెండ్‌షిప్ అని ఒక చిన్న ఊరుంది. మూతి నుంచి కూరే రైఫిళ్ల వాళ్ల సంఘం ఒకటి 1933లో మొదలై, ఇప్పటికీ అక్కడ ఏటా గురి పోటీలు పెడుతుంది. ఒక ఏడు వాడు వెళ్లి ఫోన్లో వీడియో తీసి పంపాడు. తెల్లగడ్డం పెద్దమనిషి ఒకాయన, పొడవాటి రైఫిలు, గుడ్డముక్క, గుండు, గజం. పేల్చాడు. తెల్లటి పొగ. ఆయనా పొగ పోయేదాకా మెడ చాచి చూశాడు. తర్వాత కుర్చీలో కూర్చుని పక్కనాయనతో ఏదో మాట్లాడాడు. "మామా, రోజంతా ఇంతే, పెద్దగా ఏమీ జరగదు" అని రాశాడు మేనల్లుడు. అదే కదరా అబ్బాయీ, అని జవాబు రాశాను.

వాళ్లకు ఉంది. మాకు పోయింది. 1990ల్లో నల్లమలలో నక్సలైట్ల రోజులు. లైసెన్సు తుపాకి ఉన్న ఇల్లంటే అటు అడవిలో వాళ్లకూ కన్నే, ఇటు పోలీసులకూ కన్నే. ఒక్కొక్కరే అప్పగించేశారు. ఎన్నికలొస్తే ఎట్లాగూ స్టేషన్లో పెట్టాలి. మునుపు పెట్టి, ఎన్నికలయ్యాక తెచ్చుకునేవాళ్లం. 1996 లోక్‌సభ ఎన్నికలప్పుడు పెట్టింది మళ్లీ రాలేదు. మరుసటేడు జేజినాయన పోయాడు. మనిషితో లైసెన్సూ పోయింది. నేను రెండుసార్లు వెళ్లి అడిగాను. కాగితాలు కావాలన్నారు, తర్వాత రమ్మన్నారు, తర్వాత నేనే వెళ్లలేదు. అందులో ఎవరి తప్పెంతో నేను తేల్చలేను. నా తప్పు కొంత ఉంది.

చేలు ఇప్పుడూ కాస్తున్నారు. చుట్టూ పాత చీరలు కడతారు, సోలారు కంచె వేస్తారు, కుక్కల అరుపులు రికార్డు చేసి మైకులో రాత్రంతా పెడతారు. పందులు కొన్నాళ్లు భయపడి తర్వాత అలవాటు పడతాయి. ఆ పనికి తుపాకి రావాలని నేను కోరుకోను. కానీ దసరా మర్నాడు ఇప్పుడు ఎవరూ వాగుకు పోరు. సాయిబు తాత, కమ్మరి మామ, పెదనాయన ఎవరూ లేరు. వాళ్ల మనవలు ఒకరికొకరు ఫోన్లో శుభాకాంక్షలు పంపుకుంటారు. ఒక పొద్దంతా ఒకే పనికి కూర్చుని, ఒకడి కష్టం నలుగురూ వినడానికి ఇప్పుడు ఏ వంకా లేదు. మాకు ఆ వంక ఆ తుపాకే.

దాన్ని అప్పగించిన రోజు నేను వెంట ఉన్నాను. జేజినాయనకు డెబ్భై ఎనిమిదేళ్లు. తుపాకిని దుప్పట్లో చుట్టి, బస్సులో మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని కూర్చున్నాడు, మూతి పైకి. స్టేషన్లో అప్పటికే పది పదిహేను మంది ఉన్నారు. బల్ల దగ్గరి జవాను పుస్తకంలో నంబరు రాసుకుని, "ఆ మూల పెట్టుపో పెద్దాయనా" అన్నాడు.

జేజినాయన పెట్టలేదు. దుప్పటి విప్పాడు. గజం దూశాడు. "సరేలే, రాసుకున్నాంలే" అన్నాడు జవాను. ఆయన వినిపించుకోలేదు. మూతి పైకి పెట్టి, గజాన్ని గొట్టంలోకి వదిలాడు.

టంగ్.

స్టేషన్లో మాటలు ఆగిపోయాయి. అందరూ ఇటు చూశారు. జేజినాయన నా చెయ్యి పట్టుకుని, వేలు గజం తల మీద ఆనించాడు. మూతితో సరిసమానంగా ఉంది. అప్పుడు జవాను వైపు తిరిగి అన్నాడు.

"ఖాళీ."